రాయి మీద పెట్టని కత్తి

అనగనగా అనగానే మీరు రాజు కోసం చూస్తారని నాకు తెలుసు. ఈ కథలో రాజు లేడు. రాజుగారి ఏడుగురు కొడుకులూ లేరు. అనగనగా ఒక వాగు. వాగు ఒడ్డున ఒక రాయి. రాయి పక్కన ఒక గుడిసె. గుడిసెలో ఒక మనిషి. ఇంకెవరైనా వస్తారా అని నన్ను అడగొద్దు. బతికినంత కాలం ఆ మనిషీ అదే మాట తనను తాను అడిగేవాడు.

ఆ వాగును ఎర్రవాగు అంటారు. కొండ మీది ఎర్రమట్టినంతా కడుక్కొని వస్తుంది కాబట్టి ఆ పేరు. వాగుకు అవతల ఈతలకోన అనే ఊరు. ఊరివాళ్లు అడవికి పోవాలన్నా, అడవి నుంచి తిరిగి రావాలన్నా ఆ వాగు దాటాల్సిందే. దాటే చోట, ఇవతలి ఒడ్డున, మంచమంత నాపరాయి ఒకటి ఉండేది.

ఆ మనిషి పేరు గిడ్డయ్య. ఎప్పుడో ఒక కరువులో వాళ్ల అమ్మా నాయనా ఆ బిడ్డను చంకన వేసుకొని ఏ ఊరి నుంచో వలస వచ్చారు. నీళ్లు తాగుదామని వాగు దగ్గర ఆగారు. ఆగినవాళ్లు ఆగినట్టే ఉండిపోయారు. గుడిసె వేసుకున్నారు. ఈత మట్టలు కోసి చాపలల్లారు, చీపుర్లు కట్టారు. ఊరివాళ్లు వాళ్లను తరమలేదు. మా ఊళ్లోకి రండి అని పిలవనూ లేదు.

గిడ్డయ్యకు మీసం మొలిచే వయసొచ్చింది. అప్పుడు వాళ్ల నాయన విరిగిన నాగటి కర్రు ఒకటి సంపాదించి, కొడుకును వెంటబెట్టుకొని కమ్మరి సిద్ధోజి దగ్గరికి పోయాడు. సిద్ధోజి ఆ ఇనుమును ఒక రోజు కాల్చాడు. ఒక రోజు సాగగొట్టాడు. ఒక రోజు సాన పట్టాడు. మూడు రోజులకు కత్తి తయారైంది. మొలకు కట్టుకొని అడవికి తీసుకుపోయే కత్తి. జానెడు పొడవు. మడిచే కత్తి కాదు. మడత ఉన్న చోటే విరుగుతుందని సిద్ధోజి మాట. అలుగు, అంటే కోసే వైపు, దాని కొస నుంచి పిడి చివరిదాకా ఇనుము ఒకటే ముక్క. పిడికి రెండు పక్కలా చండ్ర చెక్క వేసి బిగించాడు.

"అబ్బీ, బాగా ఇను," అన్నాడు సిద్ధోజి. "ఇది మూడు పనులకు. కోసేదానికి, చెక్కేదానికి, తెంచేదానికి. కొమ్మ కొయ్యి, పండు కొయ్యి. పుల్ల చెక్కు, మేకు చెక్కు. తాడు తెంచు, తీగ తెంచు. ఇంక మూడు పనులకు కాదు. రాళ్ల సందులో పెట్టి పెళ్లగించేదానికి కాదు. విసిరేదానికి కాదు. మనిషి మీదికి ఎత్తేదానికి కాదు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి చేసినా ఇనుము నిన్ను ఇడిచిపెడతాది."

గిడ్డయ్య సంబరంగా రెండు చేతులూ చాపాడు. సిద్ధోజి కత్తిని చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. వంగి నేల మీద పెట్టాడు.

"కత్తి చేతికి ఇయ్యగూడదురా. ఇచ్చినోనికీ తీసుకున్నోనికీ పగ పుడతాది. నువ్వు కూడా ఎవురికి ఇచ్చినా కింద పెట్టియ్యి."

ఇది సిద్ధోజి పుట్టించిన మాటేం కాదు. చాలా ఇళ్లల్లో ఈనాటికీ ఉన్నదే. ఉప్పు చేతికివ్వరు. నువ్వులు చేతికివ్వరు. కత్తి చేతికివ్వరు. నమ్మకపోతే మీ అవ్వనడగండి, నన్ను కాదు. గిడ్డయ్య నేల మీది కత్తిని కళ్లకద్దుకొని తీసుకున్నాడు. మేకతోలు ఒర కుట్టుకున్నాడు. తడిస్తే తుడిచేవాడు, వారానికొకసారి ఆముదం రాసేవాడు, అమావాస్య అమావాస్యకు వాగు రాతి మీద నూరేవాడు.

కొన్నాళ్లకు నాయన పోయాడు. ఇంకొన్నాళ్లకు అమ్మ మంచాన పడింది. పోయేరోజు పొద్దున ఆమె లేచి కూర్చుంది. ఎక్కడి ఓపికో గానీ సంగటి కెలికింది. వేడి వేడి ముద్దను కొడుకు అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో కాసేపు పట్టుకుంది. "తిను నాయనా," అంది. అదే ఆఖరు. ఆ ముద్ద తర్వాత గిడ్డయ్య చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదు. గిడ్డయ్య చేతిలోంచి ఎవరూ ఏమీ తీసుకోలేదు.

అదెట్లా కుదురుతుంది అంటారా? చెప్తా వినండి. అడవికి పోయేవాళ్లకు ఏదో ఒక అక్కర వస్తూనే ఉంటుంది. మోకు తెగుతుంది, కట్టెమోపుకు నార కావాలి, కాలికి ముల్లు దిగుతుంది. వాగు దగ్గరికి వచ్చి, "గిడ్డయ్యా, కత్తి రాయి మీద పెట్టు," అని కేకేసేవాళ్లు. గిడ్డయ్య రాయి మీద పెట్టేవాడు. వాళ్లు తీసుకునేవాళ్లు. పని చేసుకునేవాళ్లు. మళ్లీ రాయి మీద పెట్టి పోయేవాళ్లు. కత్తితో మొదలైంది కత్తితో ఆగిందా? చీపుర్లు రాయి మీద పెట్టమన్నారు. చాపలు రాయి మీద పెట్టమన్నారు. వాటికి బదులు తెచ్చిన కొర్రలు, చింతపండు, మిగిలిన రొట్టె, అన్నీ రాయి మీదే పెట్టిపోయారు. ఆ మనిషికి ఏదిచ్చినా రాయి మీదే పెట్టాలేమో అన్నంతగా అలవాటు పాకిపోయింది. ఎవరి మనసులోనూ చెడు లేదు. అదే బాధ. చెడు ఉంటే పోట్లాడొచ్చు, అలవాటుతో ఏమని పోట్లాడతాడు?

రోజూ పొద్దున గిడ్డయ్య మోదుగాకులు కోసుకొచ్చేవాడు. వెదురు ఈనెలు సన్నగా చెక్కి రెండు విస్తర్లు కుట్టేవాడు. రెండూ పరిచేవాడు. ఒకదాంట్లో తినేవాడు. రెండోదాన్ని సాయంత్రం వాగులో వదిలేవాడు. ఎవరైనా వస్తే ఉండాలి గదా అని కత్తికి చెప్పేవాడు. మాట్లాడటానికి ఇంకెవరున్నారు?

ఆ మనిషి బతుకులో కోరిక ఒక్కటే. పొలం కాదు, పశువులు కాదు. తన చేతిలోంచి ఒక్క మనిషి, ఒక్కసారి, ఏదైనా చేత్తో తీసుకోవాలి. అంతే. నవ్వకండి. మీకు అది రోజుకు నూరుసార్లు జరుగుతుంది కాబట్టి మీకు నవ్వొస్తుంది.

మూడుసార్లు ప్రయత్నం చేశాడు.

మొదటిసారి గొర్రెలు కాసే బీరప్ప వచ్చాడు. అప్పుడు మంచి వయసులో ఉన్నాడు. గొర్రె ఒకటి పరికి కంపలో ఇరుక్కుంది. ఊలంతా ముళ్లకు చుట్టుకొని మెడ తిరగక అరుస్తోంది. బీరప్ప పరిగెత్తుకుంటూ వచ్చి, "గిడ్డయ్యా, కత్తి!" అన్నాడు. తొందరలో ఉన్నాడు గదా, తీసుకుంటాడేమో అని గిడ్డయ్యకు ఆశ. అలుగు తన అరచేతిలో పట్టుకొని, పిడి బీరప్ప వైపు చాపాడు. బీరప్ప రెండడుగులు వెనక్కి వేశాడు.

"మనిద్దరికీ పగేంటికప్పా? రాయి మీద పెట్టు."

రాయి మీద పెట్టాడు. తీసుకున్నాడు. ముళ్లు కోశాడు. మళ్లీ రాయి మీద పెట్టి పోయాడు. గొర్రె బతికినందుకు పిడికెడు ఊలు కూడా పెట్టాడు, రాయి మీదే.

రెండోసారి ముగ్గురు ఉప్పు బేరగాళ్లు వచ్చారు. ఎద్దుల మీద ఉప్పు బస్తాలు, నెత్తిన వాన. వణికిపోతూ రాయి దగ్గర ఆగారు. కట్టెలన్నీ నానిపోయి పొగ తప్ప మంట రావడం లేదు. గిడ్డయ్య కత్తి తీశాడు. తడిసిన కట్టెను నిలువునా చీల్చాడు. లోపలి పొడి చేవను దూదిలాగా సన్నటి పేళ్లు చెక్కాడు. చెకుముకి రాయి కొడితే భగ్గున అంటుకుంది. బేరగాళ్ల మొహాలు వెలిగాయి. వాళ్లలో ఒకడు తెగిన జీనుపట్టీ చూపించి, "అన్నా, దీనికి బొక్కలు పెట్టుకోవాల, కత్తి ఇస్తావా?" అన్నాడు.

గిడ్డయ్య పిడి చాపాడు. బేరగాడు చెయ్యి చాపబోయి ఆగాడు.

"దారెంట పోయేవాళ్లం, పగ మూటగట్టుకొని పోతామా? రాయి మీద పెట్టన్నా."

రాయి మీద పెట్టాడు. తీసుకున్నారు. పని చేసుకున్నారు. రాయి మీద పెట్టారు. మంట చుట్టూ కూర్చొని వాళ్ల పెండ్లాం బిడ్డల గురించి చెప్పుకున్నారు. గిడ్డయ్య రెండో విస్తరి చేతిలో పట్టుకొని గుడిసె వాకిట్లో నిలబడ్డాడు, రమ్మంటారేమో అని. వాళ్లు అటు చూడలేదు. వాన వెలిశాక రాయి మీద దోసెడు ఉప్పు పోసి వెళ్లిపోయారు.

మూడోసారి ఒక బండి వచ్చింది. బండిలో నిండు చూలాలు, పుట్టింటికి పోతోంది. వాగు గతుకులకు నొప్పులొచ్చేశాయి. వెంట ఉన్న ముసలవ్వ ఆమెను నాపరాయి మీద పడుకోబెట్టి, నాలుగు చీరలు అడ్డం కట్టింది. పొద్దు వాలేలోగా ఆడపిల్ల పుట్టింది. "బొడ్డు కోయాల, కత్తి!" అని అవ్వ కేక పెట్టింది. గిడ్డయ్య అప్పటికే కత్తిని నిప్పుల మీద కాల్చి, కాగిన నీళ్లతో కడిగి పట్టుకొని ఉన్నాడు. చీర అడ్డంలోంచి పిడి లోపలికి చాపాడు. 

"పసిబిడ్డ ముందర పగ తెచ్చిపెడతావా నాయనా? రాయి మీద పెట్టు," అంది అవ్వ.

రాయి మీద పెట్టాడు. బొడ్డు కోశారు. కత్తి కడిగి రాయి మీద పెట్టారు. బండి కదిలేటప్పుడు అవ్వ ఒడిలో ఆ బిడ్డ గుప్పిట తెరిచి మూస్తూ ఉంది. ఆ గుప్పిట్లో తన వేలు ఒక్కసారి పెట్టాలని గిడ్డయ్య ప్రాణం కొట్టుకుంది. అడగలేదు. బండి వాగు దాటి కనుమరుగయ్యేదాకా నిలబడ్డాడు. ఆ పూట అన్నం తినలేదు.

మూడుసార్లూ అయిపోయాయి. ఇంక ఎవరికీ పిడి చాపలేదు. ఎవరు కేకేసినా వాళ్లు అడగకముందే రాయి మీద పెట్టేవాడు. జుట్టు నెరిసింది. పిడి మీద చండ్ర చెక్క అరిగి నున్నబడింది.

ఆ బిడ్డకు ఈరమ్మ అని పేరు పెట్టారు. పెరిగి పెద్దదై, అదే ఈతలకోనకు కోడలుగా వచ్చింది. ఎనుమును తోలుకొని రోజూ వాగు దాటేది. మీ వైపు గేదె అంటారు, మా వైపు ఎనుము. "నీ బొడ్డు కోసిన కత్తి ఆ తాత దగ్గరుంది," అని వాళ్లమ్మ చెప్పి పంపింది. అందుకే ఈరమ్మ రాయికి అవతల నిలబడి రెండు మాటలు మాట్లాడిపోయేది.

"ఏం తాతా, తిన్నావా?"

"తింటిని తల్లీ."

"చీపురొకటి కావాల, రాయి మీద పెట్టు."

ఆ రెండు మాటల కోసం గిడ్డయ్య పొద్దున్నుంచి దారి చూసేవాడు. ఆ పిల్లకు ఆ సంగతి తెలియదు. ఆమెకు రాయి రాయే, తాత తాతే.

ఇప్పుడు అసలు కథ. కొంచెం దగ్గరికి జరగండి.

ఒకరోజు మధ్యాహ్నం ఈరమ్మ అడవిలో గడ్డి కోసుకొని వస్తోంది. నెత్తిన పెద్ద గడ్డిమోపు. రెండు చేతులూ మోపును పట్టుకోవడానికే సరిపోయాయి. మరి ఎనుమును ఎవరు పట్టుకోవాలి? మా ఆడవాళ్లు ఏం చేస్తారంటే, ఎనుము మెడకు కట్టిన పలుపు కొసను నడుముకు చుట్టి ముడి వేసుకుంటారు. చెయ్యొద్దని నూరుసార్లు చెప్పినా చేస్తారు. ఈరమ్మా అదే చేసింది. వాగు దగ్గర ఎండ ఫెళ్లున కాస్తోంది. నీళ్లు మోకాలిలోతు కూడా లేవు. కానీ ఎక్కడో కొండ మీద వాన పడింది. ఈరమ్మ వాగు నడిమికి వచ్చేసరికి పైనుంచి హోరు వినిపించింది. తల తిప్పేలోగా ఎర్రనీళ్లు గోడలాగా వచ్చాయి.

మోపు కొట్టుకుపోయింది. ఎనుము కొట్టుకుపోయింది. ఎనుముతో పాటు ఈరమ్మ కొట్టుకుపోయింది. నడివాగులో ఒక మద్దిచెట్టు ఉంది. ఎనుము ఆ చెట్టుకు ఒక పక్కన పోయింది, ఈరమ్మ ఇంకో పక్కన పోయింది. పలుపు మానుకు అడ్డం పడి బిగుసుకుంది. అవతల ఎనుము లాగుతోంది, ఇవతల ఈరమ్మ మానుకు అతుక్కుపోయింది. తడిసిన ముడి వేళ్లకు రావడం లేదు. నీళ్లు రొమ్ముదాకా వచ్చాయి. ఇంకా వస్తున్నాయి.

"తాతా! గిడ్డయ్య తాతా!"

గిడ్డయ్య చీపురు కడుతున్నవాడు కత్తితో సహా పరిగెత్తాడు. నాపరాయి అప్పటికే మునిగిపోయింది. ఒడ్డు మీది నుంచి నీళ్లలోకి వేలాడే అడవితీగ ఒకటి ఉంటే, దాన్ని ఎడమ చేతికి మూడు చుట్లు చుట్టుకొని వాగులోకి దిగాడు. నీళ్లు కాళ్ల కింద ఇసుకను లాగేస్తున్నాయి. రాయి తగిలి మోకాలు పగిలింది. ఒక్కో అడుగే వేశాడు. తీగ సాగినంత దూరం సాగింది. ఆపైన సాగలేదు. ఈరమ్మకూ అతనికీ నడుమ ఇంక చెయ్యంత దూరం మిగిలింది. పలుపు మానుకు అవతలి పక్కన ఉంది. అతనికి అందదు. తీగ వదిలితే వరద అతన్ని చెట్టు దాటించి తీసుకుపోతుంది. కత్తిని విసరొచ్చు. విసిరేదానికి కాదు అన్నాడు సిద్ధోజి. విసిరితే నీళ్లలో పడుతుంది, పిల్ల పోతుంది.

గిడ్డయ్య అలుగును తన కుడి అరచేతిలో పట్టుకున్నాడు. పిడిని ఈరమ్మ వైపు చాపాడు.

"తీసుకో తల్లీ. పలుపు తెంచుకో."

ఈరమ్మ ఏమన్నదో తెలుసా? నీళ్లు భుజాలదాకా వచ్చాయి, ప్రాణం గొంతులో ఉంది, అయినా ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"రాయి మీద పెట్టు తాతా!"

అలవాటు అట్లాంటిది. పుట్టినప్పటి నుంచి విన్న మాట, ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా అదే వచ్చింది.

"రాయి యాడుందమ్మా? మునిగిపాయె. చేతికి తీసుకో."

"చేతికిస్తే పగొస్తాదంట తాతా!"

గిడ్డయ్యకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. జన్మలో తనకు పలకరింపులంటూ మిగిలినవి ఈ పిల్లవే.

"పగైతే కానీలే తల్లీ. ఎన్నాళ్లయినా పగబట్టు నా మీద. బతికుండి పగబట్టు. తీసుకో."

ఈరమ్మ చెయ్యి చాపింది.

"పట్టుకున్నావా?"

వేళ్ల కొసలు పిడికి తగిలాయి. అల వచ్చి విడదీసింది.

"పట్టుకున్నావా?"

ఈసారి పట్టుకోబోతే చెయ్యి జారింది. వరద ఆమె చేతిని పక్కకు లాగింది. ఆ ఊపుకు అలుగు గిడ్డయ్య అరచేతిలోకి దిగింది. నీళ్లలో ఎరుపు ఏది, నెత్తురు ఏది, ఎవరికి తెలుస్తుంది? చెయ్యి మండిపోతున్నా అతను అలుగు వదల్లేదు. వదిలితే ఎవరికీ దక్కదు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా తాతా!"

పిడి ఆమె గుప్పిట్లో ఉంది. ఆ గుప్పిట అతని వేళ్ల మీదుగా మూసుకుంది. మెత్తగా, చల్లగా, గట్టిగా. అమ్మ సంగటి ముద్ద పెట్టిన రోజు తర్వాత గిడ్డయ్యకు ఇంకో మనిషి చెయ్యి తగలడం అదే. ఆ బిడ్డ పుట్టినరోజు తెరిచి మూసిన గుప్పిట ఇదే. అతను వేళ్లు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ఈరమ్మ కత్తిని మాను వెనక్కి పోనిచ్చి పలుపు మీద రెండుసార్లు లాగింది. తెంచేదానికి అన్నాడు గదా సిద్ధోజి, తెగింది. ఆమె కత్తిని పళ్లతో పట్టుకొని మద్దిచెట్టు ఎక్కింది. కొమ్మ మీద కూర్చొని, ఊపిరి తీసుకొని, "తాతా, బతికినా!" అని తిరిగి చూసింది.

ఒడ్డు మీది నుంచి తీగ వేలాడుతోంది. సగానికి తెగిన తీగ. తాత లేడు.

సాయంత్రానికి వరద తీసింది. ఊరివాళ్లు వచ్చి ఈరమ్మను దించారు. ఎనుము సంగతా? అది కింద రేవులో ఒడ్డెక్కి, ఏమీ జరగనట్టు గడ్డి మేస్తూ కనబడింది. మూడో రోజున గిడ్డయ్య దొరికాడు. ఇసుక తిన్నె మీద వెల్లకిలా ఉన్నాడు. అరచేతిలో అడ్డంగా లోతైన గాటు. కుడి చెయ్యి ఇంకా చాచినట్టే ఉంది.

పాడె కట్టాలి. వెదురు కోయాలి. బీరప్ప ముందుకొచ్చాడు. అప్పటికి బీరప్పా ముసలివాడే. గిడ్డయ్య కత్తి ఈరమ్మ దగ్గరే ఉంది. మూడు రోజులూ ఆమె దాన్ని కింద పెట్టలేదు. తినేటప్పుడు కూడా ఒళ్లోనే పెట్టుకుంది.

"వెదురు కోయాలమ్మా. కత్తి రాయి మీద పెట్టు," అన్నాడు బీరప్ప.

"పెట్టను."

"అదేందమ్మా?"

"చెయ్యి చాపు. చేతికిస్తా."

చుట్టూ నిలబడినవాళ్లు గుసగుసలాడారు. ఈరమ్మ అత్త ఆమె కొంగు పట్టి లాగింది. "కత్తి చేతికిస్తే పగ పుడతాదే," అన్నారు ఎవరో.

"పుట్టనీ," అంది ఈరమ్మ. "ఆయప్ప నాకు చేతికే ఇచ్చె. నాకు ఆయప్ప మీద పగ పుట్టలేదు. ఇన్నేండ్లు రాయి మీద పెట్టించినాం గదా, మన మీద మనకే పుట్టాల పగ."

 ఈరమ్మ అలుగు తన అరచేతిలో పట్టుకొని పిడి చాపింది. బీరప్ప ఆ పిడిని చూస్తూ నిలబడ్డాడు.

"కంపలో గొర్రె ఇరుక్కున్ననాడు నా ముందర కూడా ఇట్లే చాపె," అన్నాడు. "నేనే ఎనక్కి పోతి."  రెండు చేతులూ చాపాడు.

"పట్టుకున్నావా?" అంది ఈరమ్మ.

"పట్టుకున్నా."

బీరప్ప వెదురు కోశాడు. తర్వాత కత్తిని పక్కవాడికి చాపాడు, పట్టుకున్నావా అని అడిగాడు. అతను ఈనెలు చెక్కాడు. ఇంకొకడికి చాపాడు. అతను తాడు తెంచాడు. కోశారు, చెక్కారు, తెంచారు. ఇంక పని లేదు. అయినా కత్తి ఆగలేదు. ఆడవాళ్లు చాపారు, మగవాళ్లు చాపారు, ముసలివాళ్లు చాపారు. ఊరంతా ఒక చేతి నుంచి ఒక చేతికి ఆ కత్తి తిరిగింది. బతికున్నప్పుడు ఒక్క చెయ్యి కరువైన మనిషికి, పోయాక ఊరి చేతులన్నీ వచ్చాయి. నాకు ఈ చోట చెప్పాలంటే ఎప్పుడూ కోపమే వస్తుంది. నాలుగు రోజులు ముందు రాకూడదా?

పగ పుట్టిందా అంటే, పుట్టలేదు. పిడి ఇచ్చి, అలుగు తన చేతిలో పెట్టుకున్నవాడి మీద పగ ఎట్లా పుడుతుంది?

అప్పటి నుంచి ఈతలకోనలో కత్తి కింద పెట్టరు. ఉప్పు కింద పెడతారు, నువ్వులు కింద పెడతారు. కత్తి మాత్రం చేతికే. ఇచ్చేవాళ్లు అలుగును తమ వైపు పట్టుకొని పిడి చాపుతారు. "పట్టుకున్నావా?" అని అడుగుతారు. "పట్టుకున్నా" అన్న మాట చెవిన పడేదాకా వదలరు. వేరే ఊరి నుంచి వచ్చిన కొత్త కోడళ్లు మొదట్లో బెదిరి వెనక్కి జరుగుతారు. వాళ్లను ఎవరూ కోప్పడరు. "మా ఊళ్లో ఇది గిడ్డయ్య చెయ్యి తల్లీ, తీసుకో," అంటారు. అడవిలో వంట చేసుకునేవాళ్లు గిడ్డయ్య లాగే ఒక విస్తరి ఎక్కువ కుట్టి, అన్నం పెట్టి, దారిన ఎవరైనా పోతుంటే పిలుస్తారు. ఎవరూ రాకపోతే పొద్దుగూకేటప్పుడు వాగులో వదులుతారు.

కథ ఎర్రవాగు దాటదు, అక్కడే ఉంటుంది. మనమే లేచి ఇళ్లకు పోవాలి. లేచే ముందు ఇంకొక్క మాట.

ఆ ఊళ్లో కూడా ఒంటరివాళ్లుంటారు. పెనిమిటి పోయిన ముసలమ్మలు, ఎవరూ లేని ముసలాయనలు. వాళ్ల ఇళ్లల్లో చూరు కింద మూడేసి కత్తులు దోపి ఉంటాయి. అయినా సాయంత్రం పూట పక్కింటి వాకిట్లోకి వచ్చి నిలబడి, "కత్తి ఒకటి ఇస్తావా?" అని అడుగుతారు. మీ ఇంట్లో లేదా అని ఆ ఊళ్లో ఎవరూ అడగరు. ఏం కోయాలి అనీ అడగరు. చేస్తున్న పని ఆపి, లేచి, కత్తి తెచ్చి, పిడి చాపుతారు.

"పట్టుకున్నావా?"

పిడి మీద చెయ్యి పడుతుంది. జవాబు వెంటనే రాదు. ఇచ్చినవాళ్లు తొందరపెట్టరు. అలుగు పట్టుకొని అట్లాగే నిలబడతారు.

"పట్టుకున్నా."